భూకంపం: రిక్టర్ స్కేలుపై 4.6 అంటే ఏంటి? వార్తల్లో వినిపించే ఈ మాటలకు అర్థాలు తెలుసా?

భూమి కంపించిందంటే చాలు.. టీవీ స్క్రోలింగ్‌లో మొదట కనిపించేది ఓ నంబర్. 2020 జనవరి 26న అర్ధరాత్రి దాటాక 2.37 గంటలకు సూర్యాపేట జిల్లా చింతలపాలెం, మేళ్లచెరువు మండలాల్లో జనం నిద్రలోంచి లేచి బయటకు పరుగులు తీశారు. తీవ్రత 4.6. 2024 డిసెంబర్ 4న ఉదయం 7.27కి ములుగు జిల్లాలో వచ్చింది 5.3. ఇది హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది. మరి ఆ నంబర్ ఒక్కటే చూసి వేములపల్లిలోనో, కోదాడలోనో ఊపు ఎంత ఉంటుందో చెప్పగలమా? చెప్పలేం. ఎందుకో తెలియాలంటే ఈ మాటలు తెలియాలి.

తీవ్రత (మాగ్నిట్యూడ్): భూమి లోపల విడుదలైన శక్తికి లెక్క ఇది. ఒక భూకంపానికి ఒకటే నంబర్. ఒక పాయింట్ పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. అంటే 6 అనేది 5 కంటే 'కాస్త ఎక్కువ' కాదు. 1935లో చార్లెస్ రిక్టర్ రూపొందించిన స్కేలు పేరే ఇప్పటికీ వాడుకలో ఉంది. కానీ పెద్ద భూకంపాలకు శాస్త్రవేత్తలు ఇప్పుడు మూమెంట్ మాగ్నిట్యూడ్ స్కేలు వాడుతున్నారు.

ఊపు (ఇంటెన్సిటీ): మన ఊళ్లో ఎంత ఊగింది, ఏం దెబ్బతింది అన్నదే ఇది. ఊరూరికీ మారుతుంది. మెర్కలీ స్కేలుపై 1 నుంచి 12 వరకు కొలుస్తారు. దూరం, లోతు, నేల రకం, ఇంటి గట్టితనం.. అన్నీ చూడాలి.

భూకంప నాభి, కేంద్రం: లోపల రాతిపొర జారిన చోటు నాభి. దానికి సరిగ్గా పైన, నేల మీదున్న చోటు భూకంప కేంద్రం (ఎపిసెంటర్). నాభి పైపైనే ఉంటే దగ్గరి ఊళ్లకు దెబ్బ ఎక్కువ. ములుగు భూకంపం 40 కి.మీ. లోతున వచ్చినట్లు నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ తెలిపింది. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని కిల్లారిలో నాభి ఎక్కువ లోతులో లేదు. రాయి, మట్టితో కట్టిన ఇళ్లు కూలి నిద్రలోనే వేలాది మంది చనిపోయారు.

అనంతర ప్రకంపనలు (ఆఫ్టర్‌షాక్స్): పెద్ద కుదుపు తర్వాత వచ్చే చిన్నవి. బీటలు వారిన గోడను పడగొట్టేది ఒక్కోసారి ఇవే. అందుకే ఇల్లు చూసుకోకుండా లోపలికి వెళ్లొద్దు.

సీస్మోగ్రాఫ్: ప్రకంపనలను నమోదు చేసే పరికరం. మన దగ్గర ఈ పని చూసే సంస్థల్లో హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ ఒకటి.

ఇవి గుర్తుంచుకోండి: ఈసారి స్క్రోలింగ్ వస్తే నంబర్‌తో పాటు లోతు, దూరం కూడా చూడండి. ఇంట్లో ఉంటే గట్టి బల్ల కింద కూర్చుని తల కాపాడుకోండి. లిఫ్ట్ ఎక్కొద్దు. బయట ఉంటే గోడలకు, కరెంటు స్తంభాలకు దూరంగా ఉండండి. 'ఫలానా టైమ్‌కు మళ్లీ వస్తుంది' అంటూ వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లను మాత్రం నమ్మొద్దు. భూకంపం వచ్చే తేదీ, టైమ్ ముందే చెప్పే పద్ధతి ఇప్పటికీ ఎక్కడా లేదు.