ఘాట్ దిగే లారీ: గేరు, ఇంజిన్ బ్రేకు, రిటార్డర్

పొడవైన దిగుడులో బరువు లారీ వేగం పుంజుకోకుండా పట్టి ఉంచడానికి, కాలి బ్రేకు కాకుండా, ఇంజిన్‌కో గేర్‌బాక్స్ వెనకో అమర్చే సాధనాలను సహాయక బ్రేకులు అంటారు. ఎగ్జాస్ట్ బ్రేకు, కంప్రెషన్ బ్రేకు, రిటార్డర్ వీటిలో ముఖ్యమైనవి. పేరులో ‘సహాయక’ అని ఉండడం వల్ల, ఇవి ఉంటే మంచిదే గానీ లేకపోయినా బండి నడుస్తుందన్న అభిప్రాయం డ్రైవర్లలోనూ, లారీ యజమానుల్లోనూ పాతుకుపోయింది. ఘాట్ రోడ్డు మీద ఈ వరస తిరగబడుతుంది. అక్కడ లారీని అదుపులో ఉంచాల్సింది ఇంజిను, గేరు. కాలి బ్రేకు వాటికి సాయం. ఈ వరస తప్పిన చోటే మర్నాడు పేపర్లో ‘బ్రేకులు ఫెయిలై లారీ బోల్తా’ అన్న వార్త చదవాల్సి వస్తుంది. ఆ వార్తలో బ్రేకుల మీద పడే నింద చాలాసార్లు దిగుడు మొదట్లో వేయకుండా వదిలేసిన గేరు మీద పడాల్సింది.

ఎందుకో తెలియాలంటే కాస్త లెక్క చూడాలి. 2018లో ఇరుసు బరువుల పరిమితి పెంచాక, పది టైర్ల లారీ సరుకుతో కలిపి 25 టన్నులకు బదులు 28.5 టన్నుల దాకా ఉండవచ్చు. కొండ ప్రాంతాల రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సాధారణంగా 5 శాతం వాలు చాలంటుంది, తప్పనిసరైన చోట 7 శాతం దాకా ఒప్పుకుంటుంది. మధ్యస్థంగా 6 శాతం వాలు తీసుకుందాం. అంటే వంద మీటర్లు ముందుకు పోతే ఆరు మీటర్లు కిందికి దిగుతాం. అలాంటి రోడ్డు మీద 28.5 టన్నుల లారీ 500 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 140 మెగాజౌల్స్ శక్తి విడుదలవుతుంది. ఆ వేడితో 470 లీటర్లకు పైగా నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచవచ్చు. అదే లారీని సమతలం మీద గంటకు 30 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి ఆపడానికి బ్రేకులు మింగాల్సింది సుమారు ఒక్క మెగాజౌల్. అంటే ఈ ఘాట్ ఒక్కసారి దిగడం, ఊపిరి తీసుకోకుండా నూట నలభై సార్లు బండిని ఆపడంతో సమానం. టైర్ల రాపిడి, గాలి కలిసి ఇందులో కొంత భాగం తీసుకుంటాయి. 120 మెగాజౌల్స్ మిగిలాయనుకుని, ఆరు బ్రేకు డ్రమ్ములూ కలిపి 300 కిలోల పోత ఇనుము అనుకుంటే, ఆ వేడంతా డ్రమ్ముల్లోనే ఆగితే వాటి ఉష్ణోగ్రత 800 డిగ్రీలు పెరగాలి. నడిచే బండిలో వేడి కొంత గాలికి పోతుంది కాబట్టి అంత దూరం రాదు. కానీ బ్రేకు లైనర్లు పట్టు కోల్పోవడానికి అందులో సగం కూడా అక్కర్లేదు.

డ్రమ్ము లోపల జరిగేది దగ్గరగా చూస్తే, పెడల్ ఎంత తొక్కినా లాభం లేకపోవడానికి కారణం అర్థమవుతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లైనర్ నుంచి దూరంగా జరుగుతుంది. ఆ ఎడం పూడ్చడానికి ఎయిర్ చాంబర్‌లోని పుష్ రాడ్ ఇంకాస్త ముందుకు రావాలి. దాని ప్రయాణానికి ఒక హద్దుంది. ఆ ఎడాన్ని సరిచేసే స్లాక్ అడ్జస్టర్ సరిగ్గా బిగించని బండిలో అది ముందే సగం అయిపోయి ఉంటుంది. మరోవైపు లైనర్లలోని జిగురు పదార్థం కాలి వాయువులు వదులుతుంది, రాపిడి పడిపోతుంది. కాలిన వాసన, వెనక చక్రాల దగ్గర పొగ, పెడల్ ఎంత తొక్కినా బండి తగ్గకపోవడం, ఈ మూడూ నిమిషాల వ్యవధిలో వస్తాయి. ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. ఇలా చచ్చిన బ్రేకు చల్లారాక చాలావరకు బతుకుతుంది. ప్రమాదం జరిగిన మర్నాడు తనిఖీ చేస్తే బ్రేకులు బాగానే ఉన్నట్టు తేలవచ్చు. డ్రైవర్ అబద్ధమాడుతున్నాడని అనుకుంటారు. అతను చెప్పిందీ నిజమే, తనిఖీలో తేలిందీ నిజమే.

కాలి బ్రేకు ఒక్కదాని మీద ఆధారపడకూడదన్నది నిపుణుల సలహాగానే మిగలలేదు, కొన్ని చోట్ల నిబంధనగా ఉంది. ఐక్యరాజ్యసమితి బ్రేకుల నియమావళి ఆర్13లో కొన్ని తరగతుల భారీ వాహనాలకు ఒక పరీక్ష ఉంది: నిండు బరువుతో, 7 శాతం వాలు మీద, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో 6 కిలోమీటర్లు దిగాలి, కాలి బ్రేకు ముట్టకూడదు. చల్లగా, నిండు బలంతో ఉన్న కాలి బ్రేకు మలుపులో అకస్మాత్తుగా ఎదురయ్యే బస్సు కోసం మిగిలి ఉండాలన్నదే దీని వెనక ఆలోచన.

డీజిల్ ఇంజిన్‌కు స్వతహాగా ఆపే గుణం తక్కువ. పెట్రోల్ ఇంజిన్‌లో లాగా గాలి దారిని మూసే రెక్క దానికి ఉండదు. సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలి, స్ప్రింగులాగా పిస్టన్‌ను తిరిగి కిందికి తోసి, తీసుకున్న శక్తిని తిరిగి ఇచ్చేస్తుంది. ఎగ్జాస్ట్ బ్రేకు స్విచ్ వేస్తే పొగ గొట్టంలో ఒక పలక అడ్డుపడుతుంది. బయటికి పోలేని గాలి పిస్టన్లకు ఎదురు నిలుస్తుంది. మన లారీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. కంప్రెషన్ బ్రేకు ఇంకా గట్టిది. గాలి పూర్తిగా నొక్కుకున్న క్షణంలో ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి, స్ప్రింగులో దాగిన శక్తిని బయటికి వదిలేస్తుంది. దీని పుట్టుక వెనక ఒక ఘాట్ ఉంది. 1931లో డీజిల్ లారీలో అమెరికా ఖండాన్ని దాటుతున్న డీజిల్ ఇంజిన్ల తయారీదారు క్లెస్సీ కమిన్స్, కాలిఫోర్నియాలోని కహోన్ పాస్ దిగుతూ బ్రేకులు పోగొట్టుకుని, రైలు గేటు దగ్గర గూడ్సు బండిని వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆ భయం నుంచి వచ్చిన ఆలోచనను జాకబ్స్ కంపెనీ 1961లో మార్కెట్లోకి తెచ్చింది. రిటార్డర్ ఇంజిన్‌కు సంబంధం లేకుండా గేర్‌బాక్స్ వైపు నుంచి ఆపుతుంది, నూనె అడ్డంతోనో విద్యుదయస్కాంతంతోనో. నూనె రిటార్డర్ వేడి రేడియేటర్‌లోకే చేరుతుంది గనక దాన్ని వాడేటప్పుడు నీళ్ల మీటరు మీద కన్ను ఉండాలి.

వీటిలో ఇంజిన్ మీద పనిచేసేవన్నీ గేరు ద్వారానే చక్రాన్ని చేరతాయి. ఎగ్జాస్ట్ బ్రేకు ఉంది కదా అని టాప్ గేరులో దిగేవాళ్లు ఈ సంగతి మరిచిపోతున్నారు. టాప్ గేరులో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌లో ఎదురు ఒత్తిడి అంతగా పుట్టదు, పుట్టిన కాస్తా చక్రం దాకా బలంగా అందదు. గేరు తగ్గించిన కొద్దీ ఇంజిన్ చుట్లు పెరిగి అడ్డగింపు పెరుగుతుంది, అదే అడ్డగింపును గేరు హెచ్చించి చక్రానికి అందిస్తుంది. లాభం రెండు వైపుల నుంచీ వస్తుంది. అందుకే ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల సూత్రానికి బలముంది. ఇప్పటి శక్తివంతమైన ఇంజిన్లు పెద్ద గేరులోనే ఘాట్ ఎక్కేస్తున్నాయి కాబట్టి దిగేటప్పుడు ఇంకొకటి తగ్గించడం మంచిది. ఆ తగ్గించడం దిగుడు మొదలయ్యే ముందే, సమతలం మీదే జరగాలి. వాలులో వేగం పుంజుకున్నాక గేరు మార్చబోతే, క్లచ్ తొక్కి పాత గేరు తీసిన తర్వాత కొత్త గేరు పడదు, తిరిగి పాతదీ పడదు. లివర్ గరగరమంటూ చేతిలో కొట్టుకుంటుంది, లారీ అప్పటికే న్యూట్రల్‌లో ఉంటుంది. కడప–రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్‌లోనైనా, సాలూరు దాటాక ఒడిశా వైపు సుంకి ఘాట్‌లోనైనా దిగుడు మొదలయ్యే చోట ఒక్క నిమిషం ఆగి గేరు ఎంచుకోవడం కన్నా విలువైన జాగ్రత్త లేదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం డీజిల్. న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ మిగులుతుందన్న నమ్మకం బలంగా ఉంది, దానికి పునాది లేకపోలేదు: కొద్దిపాటి వాలులో న్యూట్రల్ బండి ఎక్కువ దూరం దొర్లుతుంది. ఘాట్‌లో దొర్లడం మనకు అక్కర్లేదు, ఆపడం కావాలి. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలిన ఇంజిన్‌ను చక్రాలే తిప్పుతాయి, ఇంజెక్షన్ నిలిచిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ తనంతట తాను తిరగాలి గనక డీజిల్ తాగుతూనే ఉంటుంది. 2020 నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో కంప్యూటరే ఇంజెక్షన్‌ను ఆపేస్తుంది. పాత పంపు బండ్లలో ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ దాదాపు అదే పని చేస్తుంది. ఇక ఇంజిన్ ఆపేసి దిగడం అన్నిటికన్నా ఘోరం. బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ ఆగుతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. 2022 నవంబరులో పుణె నవలే వంతెన దగ్గర ఒక లారీ దిగుడులో పదుల వాహనాలను గుద్దింది. డ్రైవర్ వాలులో ఇంజిన్ ఆపేశాడని పోలీసులు చెప్పారు. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా సేలం వైపు పోయే మన లారీలు 44వ జాతీయ రహదారి మీద ధర్మపురి దగ్గరి తొప్పూరు ఘాట్‌లో ఇలాంటి దిగుడునే ఎదుర్కొంటాయి.

ఇంజిన్ పాడవుతుందన్నది రెండో అభ్యంతరం. హద్దు దాటి తిప్పితే నిజంగానే పాడవుతుంది: చుట్లు మితిమీరితే వాల్వు సకాలంలో మూసుకోక పిస్టన్‌కు తగలవచ్చు. ఆ హద్దు మీటర్లో ఎర్ర గీతగా కనిపిస్తూనే ఉంటుంది. ముల్లు దాని వైపు పోతుంటే కాలి బ్రేకుతో వేగం తగ్గించి ఇంకో గేరు దించాలి. గీత లోపల గట్టిగా తిరిగే ఇంజిన్ చప్పుడు భయపెడుతుంది గానీ హాని చేయదు. కొత్త బండికి ఏబీఎస్ ఉంది కదా అనేవాళ్లకు సమాధానం సూటిగా ఉంది. 2015లో భారీ వాహనాలకు తప్పనిసరైన ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుంది, అంతే. డ్రమ్ములో పుట్టే వేడిని అది ఒక్క డిగ్రీ కూడా తగ్గించదు.

మూడో అభ్యంతరం మాత్రం పూర్తిగా న్యాయమైనది. సహాయక బ్రేకు డ్రైవ్ చక్రాలనే పట్టుకుంటుంది. వానలో, ఆయిలు పడిన రోడ్డు మీద, ముఖ్యంగా ఖాళీ బండిలో ఆ చక్రాలు జారితే వెనక భాగం పక్కకు తిరుగుతుంది. ట్రైలర్ అయితే వెనక బరువు ముందు లాగే ట్రాక్టర్ బండిని తోసి మడత పెట్టేస్తుంది. తడి రోడ్డు మీద రిటార్డర్‌ను తక్కువ మెట్టులో పెట్టాలి, జారుతున్నట్టు అనిపిస్తే ఆపేయాలి. కానీ దానికి బదులుగా రావాల్సింది ఇంకా నెమ్మదైన వేగమూ ఇంకా తక్కువ గేరూ; మళ్లీ కాలి బ్రేకు మీద భారం వేయడం కాదు.

కాలి బ్రేకు వాడే తీరు కూడా మారాలి. సన్నగా నొక్కి పట్టి దిగడం లైనర్లను కాలుస్తుంది, చీటికిమాటికి తొక్కి వదలడం ట్యాంకుల్లో గాలిని ఖాళీ చేస్తుంది. గేరూ సహాయక బ్రేకూ పని చేస్తుండగా, వేగం అనుకున్న హద్దుకు చేరినప్పుడు గట్టిగా తొక్కి గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు తగ్గించి పూర్తిగా వదిలేయాలి, మళ్లీ హద్దుకు చేరాకే తొక్కాలి. ఆటోమేటిక్ గేర్లున్న బండిలో మాన్యువల్ మోడ్‌కు మార్చి గేరు పట్టి ఉంచాలి, లేదంటే అదే పై గేరుకు పోయే అవకాశముంది. పొగ కనిపిస్తే, ఇంకా ఆపగలిగే వేగం ఉండగానే వెడల్పైన చోటు చూసి ఆపాలి. కాలిన డ్రమ్ముల మీద నీళ్లు పోయకూడదు, పోత ఇనుము పగులుతుంది. ఇంజిన్ నడుస్తూ ట్యాంకుల్లో గాలి నింపుతుండాలి, చక్రాల కింద దిమ్మలో రాళ్లో పెట్టాలి, డ్రమ్ములు గాలికే చల్లారాలి. బయలుదేరేటప్పుడు ఆ రాళ్లు రోడ్డు మీద నుంచి తీసేయాలి. చీకట్లో వెనక వచ్చే బైకుకు అవి కనపడవు.