హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు: ఐదేళ్లు వరుసగా గెలిచిన టీమ్ ఎలా పుట్టింది, ఎలా చెదిరింది

హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల పేరు చెబితే ఈ రోజు అందరికీ క్రికెట్, బ్యాడ్మింటన్ గుర్తొస్తాయి. కానీ డెబ్భై ఏళ్ల కిందట ఈ ఊరి పేరు దేశమంతా మారుమోగింది ఫుట్‌బాల్ వల్ల. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గెలిచింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతోనూ ఆడి మొత్తం తొమ్మిది రోవర్స్ కప్పులు, నాలుగు డ్యూరాండ్ కప్పులు ఖాతాలో వేసుకుంది. ఈ జట్టును తీర్చిదిద్దింది ఒక స్కూల్ టీచర్. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. ఊళ్లో అందరికీ రహీం సాబ్.

కంటోన్మెంట్ నుంచి బస్తీకి

సికింద్రాబాద్ బ్రిటిష్ కాలం నుంచి సైనిక పట్టణం. తిరుమలగిరి, బొల్లారం, బొవెన్‌పల్లి వైపు రెజిమెంట్లు ఉండేవి. సిపాయిలు సాయంత్రం పూట ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. చుట్టుపక్కల బస్తీల పిల్లలు గట్టు మీద కూర్చుని చూసేవాళ్లు, తర్వాత ఖాళీ జాగాలో తామూ ఆడేవాళ్లు. బూట్లు లేవు, కాళ్లకు చెప్పులు కూడా లేవు. ఒక బంతి, కాస్త మైదానం ఉంటే చాలు.

ఇటు హైదరాబాద్‌లో నిజాం కాలపు స్కూళ్లు, కాలేజీలు ఆటలను బాగా ప్రోత్సహించాయి. 1939లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. దాని పెద్దల్లో ఒకరు సయ్యద్ మొహమ్మద్ హాదీ. ఆయన డేవిస్ కప్ టెన్నిస్ ఆడారు, రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ కొట్టారు. చాలా ఆటల్లో ఆరితేరినందుకు ఆయన్ని రెయిన్‌బో హాదీ అనేవాళ్లు. 1943లో రహీం ఈ అసోసియేషన్‌కు సెక్రటరీ అయ్యారు. 1963లో చనిపోయే దాకా ఆ బాధ్యత ఆయన చేతిలోనే ఉంది.

రహీం సాబ్ పాఠాలు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఫుట్‌బాల్‌ను కూడా ఆయన క్లాసులో పాఠం చెప్పినట్టే నేర్పించారు.

అప్పట్లో మన దగ్గర బంతి దొరికితే చాలు, ఒక్కడే దాన్ని తీసుకుని పరిగెత్తడం గొప్ప. రహీం ఆ అలవాటును మార్చాలనుకున్నారు. డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో పోటీలు పెట్టారు. అంటే బంతి రాగానే పాస్ ఇవ్వాల్సిందే. ఎడమ కాలు బలహీనంగా ఉన్నవాళ్లు ఎడమ కాలితోనే ఆడాలనే పోటీలు కూడా పెట్టారు. ఇవన్నీ ఆటలాగే కనిపించేవి, కానీ లోపల లెక్క ఉంది. బలం తక్కువైనా, ఎత్తు తక్కువైనా, తెలివిగా కదిలే జట్టు గెలుస్తుందన్నది ఆయన నమ్మకం. 1950లో ఆయన సిటీ పోలీస్ జట్టు కోచ్ అయ్యారు.

జట్టులో చేరిన కుర్రాళ్లకు పోలీసు శాఖలో ఉద్యోగం ఉండేది. పేద ఇంటి పిల్లాడికి ఇది చిన్న విషయం కాదు. నెలనెలా జీతం, తినడానికి తిండి, ఆడుకోవడానికి టైమ్ దొరికేవి. "ఆటలాడితే ఏం వస్తుంది" అని ఇంట్లో అడిగితే కుర్రాడి దగ్గర జవాబు ఉండేది. బస్తీ మైదానం, బడిలో ఉస్తాద్, పోలీసు ఉద్యోగం. ఈ మూడూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నంత కాలం జట్టుకు కొత్త ఆటగాళ్ల కొరత రాలేదు.

ఐదు రోవర్స్ కప్పులు

1950లో సిటీ పోలీస్ ఒకే ఏడాది రెండు పెద్ద కప్పులు గెలిచింది. బొంబాయిలో రోవర్స్, ఢిల్లీలో డ్యూరాండ్. డ్యూరాండ్ ఫైనల్లో ఓడిపోయింది కలకత్తా దిగ్గజం మోహన్ బగాన్. అప్పటిదాకా ఫుట్‌బాల్ అంటే బెంగాల్‌దే అనుకునేవాళ్లకు ఇది షాక్. ఆ తర్వాత 1951, 52, 53, 54లో కూడా రోవర్స్ కప్ హైదరాబాద్‌కే వచ్చింది. 1954లో మళ్లీ డ్యూరాండ్ కూడా గెలిచి రెండో డబుల్ పూర్తి చేసింది. 1957లో మూడోసారి ఆ రెండు కప్పులూ ఒకే సీజన్‌లో ఇంటికొచ్చాయి.

రాష్ట్ర జట్టు కూడా ఇదే బలంతో నడిచింది. 1956-57, 1957-58లో హైదరాబాద్ వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కొన్నాళ్లకు పోలీస్ జట్టు పేరు కూడా మారింది.

సికింద్రాబాద్ కుర్రాళ్లు

కంటోన్మెంట్ వైపు నుంచి వచ్చినవాళ్లలో ఇద్దరి పేర్లు తప్పకుండా చెప్పుకోవాలి. ఒకరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టారు, పేదరికంలో పెరిగారు. ఆయన్ని గుర్తించి పైకి తెచ్చింది రహీం సాబే. హైదరాబాద్‌కు సంతోష్ ట్రోఫీ తెచ్చిన జట్టులో ఆడి, తర్వాత కలకత్తా వెళ్లి 1961లో ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అయ్యారు.

రెండోవారు పీటర్ తంగరాజ్. సికింద్రాబాద్ క్లబ్బుల్లో మొదలుపెట్టి, ఆర్మీలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ తరఫున ఆడారు. గోల్‌పోస్ట్ ముందు ఆయన ఎత్తు చూసే ప్రత్యర్థులు తడబడేవాళ్లు. 1958లో ఆసియాలో అత్యుత్తమ గోల్‌కీపర్‌గా గుర్తింపు పొందారు. 1961లో అయితే రోవర్స్ కప్ సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌కే దక్కింది. అంటే జంట నగరాల్లో కప్పు గెలిచే జట్టు ఒక్కటి కాదు, రెండు ఉండేవన్నమాట.

దేశం జట్టుకు వెన్నెముక

రహీం ఇండియా జట్టుకు కూడా కోచ్. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం వచ్చింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోరంగా ఓడాం. ఆ చలిలో మనవాళ్లు చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు. ఆ దెబ్బతో బూట్లు వేసుకోవడం తప్పనిసరి అయ్యింది. రహీం కుంగిపోలేదు, ఆట తీరే మార్చారు.

నాలుగేళ్ల తర్వాత 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, సలాం, జుల్ఫికరుద్దీన్, బలరాం, తంగరాజ్ ఉన్నారు. అందరూ ఈ జంట నగరాల నుంచి వెళ్లినవాళ్లే. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసిన జట్టుకూ ఆయనే కోచ్.

ఆఖరి ఘట్టం 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. అప్పటికే రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. స్టేడియం నిండా జనం మనవాళ్లకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఇండియా స్వర్ణం గెలిచింది. గోల్స్ కొట్టింది పి.కె. బెనర్జీ, తలకు కుట్లతోనే ఆడిన జర్నైల్ సింగ్. గోల్‌లో తంగరాజ్, ముందు వరుసలో బలరాం, వాళ్లతో పాటు సిటీ పోలీస్ ఆటగాడు యూసుఫ్ ఖాన్ ఆ ఫైనల్ ఆడారు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకు స్వర్ణం రాలేదు.

1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఆయన జీవితం మీద 2024లో "మైదాన్" సినిమా వచ్చింది. ఆయన కొడుకు ఎస్.ఎస్. హకీం కూడా ఒలింపియన్. తర్వాత ఫిఫా రెఫరీగా పేరు తెచ్చుకుని 2021లో మరణించారు.

పతనం ఎక్కడ మొదలైంది

జట్టు ఒక్కరోజులో పడిపోలేదు. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి, 1963లో ఒంటరిగా రోవర్స్ కప్ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ కూడా సాధించింది. కానీ అప్పటికే కింద పునాది కదులుతోంది.

మొదటిది, రహీం స్థానంలో అలాంటి మనిషి దొరకలేదు. కోచ్, సెక్రటరీ, టీచర్, కుర్రాళ్లను వెతికి పట్టుకునేవాడు, అన్నీ ఆయన ఒక్కరే. పని అంతా ఒకరి భుజాల మీద ఉంటే, ఆ మనిషి పోయాక పని కూడా ఆగిపోతుంది.

రెండోది, కలకత్తా. అక్కడి క్లబ్బులు ఎక్కువ డబ్బు ఇచ్చేవి. వేల మంది అభిమానులు, పేపర్లలో పేరు కూడా ఉండేవి. సిటీ పోలీస్‌లో మొదలుపెట్టిన సయ్యద్ నయీముద్దీన్, పదిహేడేళ్ల కుర్రాడు మొహమ్మద్ హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. నయీం కెప్టెన్సీలో 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో ఇండియా కాంస్యం గెలిచింది. హబీబ్ 1977లో మోహన్ బగాన్ తరఫున పెలే ఆడిన కాస్మోస్ జట్టును 2-2తో నిలువరించిన మ్యాచ్‌లో ఆడారు. ఆయన తమ్ముడు అక్బర్, తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, ఇలా వరుసగా అందరూ కలకత్తా బాట పట్టారు. ఊళ్లో ప్రతిభ ఎండిపోలేదు. పండిన పంట ఊళ్లో నిలవలేదు, అంతే.

మూడోది, మైదానాలు. నగరం పెరిగే కొద్దీ ఖాళీ జాగాలు ఇళ్లయ్యాయి, ఫంక్షన్ హాళ్లయ్యాయి, పార్కింగ్ అయ్యాయి. 1983 ప్రపంచ కప్ తర్వాత మిగిలిన చోట క్రికెట్ వచ్చి చేరింది. ఆట కోటాలో ఉద్యోగాలు తగ్గాయి. ఇంట్లో మళ్లీ అదే ప్రశ్న మొదలైంది: ఆడితే ఏం వస్తుంది?

మళ్లీ వచ్చి, మళ్లీ పోయింది

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరుతో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి ఒక జట్టు వచ్చింది. 2022 మార్చి 20న ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్ అయ్యింది. రెండేళ్లు తిరగకుండానే డబ్బు సమస్యలు చుట్టుముట్టాయి, ఆటగాళ్లు వెళ్లిపోయారు, జట్టు పట్టికలో అట్టడుగుకు చేరింది. 2025లో ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది.

రెండు కథల్లో తేడా గమనించాలి. సిటీ పోలీస్ బస్తీల్లోంచి లేచిన జట్టు. అందుకే అది చెదిరాక కూడా ఇరవై ఏళ్లపాటు దేశానికి ఆటగాళ్లను ఇచ్చింది. కొనుక్కొచ్చిన ఆటగాళ్లతో కప్పు గెలవొచ్చు గానీ, డబ్బు ఆగితే జట్టు కూడా ఆగుతుంది.

ఆట మాత్రం చావలేదు. శ్రీనిధి దక్కన్ ఐ-లీగ్‌లో 2022-23, 2023-24లో రెండో స్థానంలో నిలిచింది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇండియా మహిళల జట్టుకు ఆడుతోంది. 2024 డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ ఆఖరి పోటీలు హైదరాబాద్‌లోనే జరిగాయి. పిల్లలున్నారు, ఇష్టం ఉంది. రహీం సాబ్ కాలంలో ఉండి ఇప్పుడు లేనివి బస్తీకో మైదానం, బడికో ఉస్తాద్, ఆడే కుర్రాడికో కొలువు.

ఒక్క చూపులో

రోవర్స్ కప్: 1950, 1951, 1952, 1953, 1954, 1957, 1960, 1962 (ఈస్ట్ బెంగాల్‌తో ఉమ్మడిగా), 1963
డ్యూరాండ్ కప్: 1950, 1954, 1957, 1961
సంతోష్ ట్రోఫీ (రాష్ట్ర జట్టు): 1956-57, 1957-58, 1965-66
కోచ్: సయ్యద్ అబ్దుల్ రహీం, 1950 నుంచి 1963 దాకా