పెద్దల రాత్రులు: బోధన్ చెరకు సీమలో మృతస్మరణ, భయం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అక్టోబరు 31 రాత్రిని దెయ్యాల వేషాలతో గడిపే హాలోవీన్ ఇప్పుడు తెలుగు నగరాలలోనూ కనిపిస్తున్నది. చనిపోయినవారికి ప్రత్యేకించిన రాత్రులు, దినాలు నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో పూర్వం నుంచే ఉన్నాయి. వాటి స్వరూపాన్ని పరిశీలించి, వాటికి మూలం భయం కాదని, అన్నం పంచుకోవడమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ ప్రాంతంలో అసలైన భీతి మృతుల చుట్టూ కాక, బతికివున్న మనుషులపై మోపే బాణామతి ఆరోపణ చుట్టూ ఏర్పడిందని వివరిస్తుంది.

కీలకపదాలు: పెత్రమాస, షబ్-ఎ-బరాత్, సంక్రాంతి, హాలోవీన్, నిజాంసాగర్, బోధన్, బాణామతి.

1. ఉపోద్ఘాతం:
మృతులు ఏడాదికొకసారి ఇంటికి వస్తారన్న విశ్వాసం అనేక సమాజాలలో ఉంది. హాలోవీన్ కూడా అటువంటిదే. ఐర్లండు, స్కాట్లండు ప్రాంతాల కెల్టిక్ ప్రజలు పంటకాలం ముగిసి చలికాలం మొదలయ్యే వేళ జరుపుకున్న ‘సావిన్’ పండుగతో దీనికి సంబంధముందని చెబుతారు. పాశ్చాత్య క్రైస్తవ మతం నవంబరు 1ని సకల పునీతుల దినంగా, నవంబరు 2ని సకల మృతుల దినంగా పాటించింది. ఇంగ్లండులో పేదలు ఇల్లిల్లూ తిరిగి ‘సోల్ కేకులు’ పుచ్చుకొని, ఆ ఇంటి మృతుల కోసం ప్రార్థించేవారు. 19వ శతాబ్దంలో వలసవెళ్లినవారి వెంట అమెరికా చేరిన తరువాత టర్నిప్ దుంప దీపం స్థానంలో గుమ్మడికాయ దీపం వచ్చింది. పిల్లలు మిఠాయి అడిగే ఆచారం, వేషాల వ్యాపారం 20వ శతాబ్దంలో విస్తరించాయి. మృతుల పేర పెట్టే తిండి క్రమంగా మరుగున పడి, భయం వినోదమై మిగిలింది.

2. పెత్రమాస:
భాద్రపద బహుళ అమావాస్యను తెలంగాణలో ‘పెత్రమాస’ అంటారు. పితృ అమావాస్య అన్న మాటకు ఇది జనవ్యవహార రూపం. ఆనాడు చనిపోయిన తల్లిదండ్రుల, తాతముత్తాతల పేర బియ్యం, పప్పు, కూరగాయలు దానమిస్తారు. దీనినే ‘పెద్దలకు బియ్యమిచ్చుడు’ అంటారు. పెద్దలకు ఇష్టమైన వంటలు విస్తరిలో వడ్డించి, కాకికి ముద్ద పెట్టిన తరువాతనే ఇంటివారు తింటారు. మాంసాహారుల ఇళ్లలో మాంసం, కొన్నిచోట్ల కల్లు కూడా ఆ విస్తరి దగ్గర ఉంటాయి. శాస్త్రోక్త శ్రాద్ధానికి, ఈ గృహాచారానికి భేదం ఇక్కడే ఉంది. మొదటిది మంత్రప్రధానం, రెండవది మృతుల రుచులను గుర్తుపెట్టుకొనే జ్ఞాపకప్రధానం.

గమనించదగిన విషయం మరొకటి ఉంది. అదే సాయంకాలం ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పగలు మృతులకు అన్నం, సాయంత్రం ‘బతుకు’ పేర పూలు. గునుగు, తంగేడుతో పాటు గుమ్మడి ఆకులకూ పూలకూ బతుకమ్మలో చోటుంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ తీగ అక్కడ దెయ్యపు ముఖమైంది, ఇక్కడ గౌరమ్మకు పీఠమైంది. ఏడాదిలోకెల్లా భయపడవలసిన అమావాస్య అనుకొనే రాత్రి, స్త్రీలు వాకిళ్లలోనూ గుడి ముందరా గుంపుగా చేరి ఆడిపాడే రాత్రి కావడం ఈ సంస్కృతి చేసుకొన్న ఎంపిక.

3. చెరకు సీమ – వలసలు – పలు పంచాంగాలు:
మంజీరా నదిపై 1923–1931 మధ్య నిజాంసాగర్ నిర్మాణం జరిగింది. కాలువ నీటి ఆధారంగా చెరకు సాగు పెరిగి, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. శక్కర్ నగర్ కార్మికుల, ఉద్యోగుల నివాసమైంది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల రైతులు బోధన్, వర్ని, కోటగిరి పరిసరాలకు వలస వచ్చి ‘క్యాంపు’లుగా స్థిరపడ్డారు.

వలస వచ్చినవారు తమ మృతులను స్మరించే తిథులను కూడా వెంట తెచ్చుకొన్నారు. కోస్తా ఆచారంలో సంక్రాంతి ‘పెద్దల పండుగ’. ఆనాడు కొత్తబట్టలు పెద్దల పేర పెట్టి నమస్కరిస్తారు. ముస్లిం కుటుంబాలు షాబాన్ నెల 14వ తేదీ రాత్రి షబ్-ఎ-బరాత్ జాగారం చేస్తాయి. సమాధుల వద్ద దీపాలు వెలిగించి, ఫాతిహా చదివి, హల్వా పంచుతాయి. పెత్రమాస చాంద్రసౌరమానాన్ని, సంక్రాంతి సౌరమానాన్ని, షబ్-ఎ-బరాత్ శుద్ధ చాంద్రమానాన్ని అనుసరిస్తాయి. ఒకటి అమావాస్య, మరొకటి పున్నమి వెన్నెల రాత్రి. కాలగణన ఏదైనా మూడింటిలోనూ సారం ఒకటే. మృతుల పేర జీవించివున్నవారు తింటారు, ఇస్తారు.

4. బకాసురుడు – భయంతో పెట్టే అన్నం:
బోధన్‌ను మహాభారతంలోని ఏకచక్రపురంగా స్థానిక ఐతిహ్యం చెబుతుంది. ఏకచక్రపురం తమదేనని చెప్పుకొనే ఊళ్లు దేశంలో మరికొన్ని ఉన్నందున దీనిని చరిత్రగా కాక, ఊరి ఆత్మకథగా గ్రహించాలి. ఆ కథలో ఊరివారు రోజుకొక బండెడు అన్నాన్ని, ఒక మనిషిని బకాసురునికి పంపుతారు. భీముడు ఆ అన్నాన్ని తానే తిని రాక్షసుణ్ణి వధిస్తాడు. ఇక్కడా అన్నమే కేంద్రం. అయితే బకాసురునికి పెట్టేది భయం వసూలు చేసే కూడు. పెద్దలకు పెట్టేది ప్రేమతో పెట్టే ముద్ద. ఈ రెండింటి మధ్య తేడాను ప్రజాసంప్రదాయం స్పష్టంగా గుర్తించింది.

5. బాణామతి – భయం మనిషి మీదికి మళ్లినప్పుడు:
నాలుగు తోవల కూడలిలో నిమ్మకాయలు, పగిలిన గుమ్మడికాయ కనిపిస్తే తప్పుకొని నడిచే అలవాటు ఈ ప్రాంతంలో సాధారణం. అది అంతటితో ఆగితే హాని తక్కువ. అంతుచిక్కని జ్వరానికో, పశువు చావుకో పొరుగువారి ‘చేతబడి’ కారణమన్నప్పుడు భయం హింసగా మారుతుంది. మంత్రాల నెపంతో వృద్ధులను, ఒంటరి స్త్రీలను కొట్టడం, చంపడం తెలంగాణ జిల్లాలలో పలుమార్లు జరిగింది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాకు సరిహద్దులైన మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇటువంటి దురాచారాల నిరోధానికి చట్టాలు చేశాయి. దోషారోపణకు గురయ్యేది ఎన్నడూ దెయ్యం కాదు. వైద్యం అందని ఊరిలో, అండ లేని మనిషి.

6. ముగింపు:
నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఉపాధి కోసం గల్ఫ్‌కు వెళ్లినవారు, అమెరికాలో స్థిరపడినవారు ఈ ప్రాంతపు కుటుంబాలలో ఎందరో ఉన్నారు. అక్కడి పిల్లలు కొద్ది వారాల తేడాతో బతుకమ్మను, హాలోవీన్‌ను చూస్తారు. ఒకటి మనది, మరొకటి పరాయిది అని విడదీయడం వల్ల పరిశోధనకు ప్రయోజనం స్వల్పం. హాలోవీన్ మూలంలో కూడా మృతుల పేర పంచిన రొట్టె ఉంది. ఏ సమాజం తన మృతులకు అన్నం పెట్టడం మరచి భయాన్ని మాత్రమే మిగుల్చుకొంటున్నది, ఆ భయానికి ఎవరు బలవుతున్నారు అన్నవే చరిత్రకారుడు వేయవలసిన ప్రశ్నలు. ‘బియ్యమిచ్చుడు’లో ఎవరి పేర్లు పలుకుతారు, ఎన్ని తరాల వరకు పలుకుతారు అన్న విషయాన్ని క్యాంపులలో, శక్కర్ నగర్‌లో, పాత ఊళ్లలో వేర్వేరుగా నమోదు చేస్తే, నీరు, చక్కెర, వలస కలిసి నిర్మించిన ఈ సీమకు లిఖిత పత్రాలలో దొరకని సామాజిక చరిత్ర లభిస్తుంది. ఆ పేర్లు పలుకగల తరం ఉండగానే ఆ పని జరగాలి.