పెరట్లో బతకని పువ్వు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక చిత్రమైన చట్టం ఉంది. బహిరంగ స్థలాల్లో గానీ, రాతపూర్వక అనుమతి లేకుండా పరాయివాళ్ల భూమిలో గానీ మేఫ్లవర్ మొక్కను పీకినా, తవ్వినా 50 డాలర్ల దాకా జరిమానా. అదే పని రాత్రిపూట దొంగచాటుగానో, మారువేషంలోనో చేస్తే 100 డాలర్ల దాకా. 1925 నాటి చట్టమిది. పూల కోసం మారువేషాలేమిటని నవ్వొస్తుంది గానీ, అప్పటికి ఆ మొక్క పరిస్థితి నవ్వులాటగా ఏమీ లేదు.

మేఫ్లవర్‌కు ట్రెయిలింగ్ ఆర్బుటస్ అనీ పేరుంది. నేలబారున పాకే చిన్న పొద. దళసరిగా, గరుకుగా ఉండే ఆకులు చలికాలంలోనూ రాలవు. ఏప్రిల్ వచ్చేసరికి ఎండుటాకుల చాటున తెల్లవి, లేత గులాబీ రంగువి పూలు గుత్తులుగా పూస్తాయి. మంచి వాసన. 1620లో ప్లిమత్ తీరానికి చేరిన వలసదారులకు తొలి చలికాలం గడిచాక కనిపించిన మొదటి పువ్వు ఇదేననీ, అందుకే తమ ఓడ పేరు దీనికి పెట్టారనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఆ ముద్దే దాని ప్రాణం మీదికి తెచ్చింది. 19వ శతాబ్దంలో వసంతం వస్తే చాలు, మేఫ్లవర్ గుత్తులు పట్టణాల వీధుల్లో అమ్మకానికి దిగేవి. గుత్తి కోసం లాగితే గట్టి తీగంతా వేళ్లతో సహా ఊడి వచ్చేస్తుంది. అమ్ముకునేవాళ్లు అలా పీకారు. పెరట్లో పెంచుకుందామనుకున్నవాళ్లు పార పట్టుకుని తవ్వారు. సారవంతమైన మట్టి వేసి, ఎరువు పెట్టి, నీళ్లు పోశారు. అయినా మొక్క బతికి బట్టకట్టేది కాదు.

ఎందుకు?

జవాబు బ్లూబెర్రీ వైపు నుంచి వచ్చింది. అమెరికా వ్యవసాయ శాఖలో వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ 1906లో అడవి బ్లూబెర్రీ మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. 1910లో ఆయన వెలువరించిన నివేదిక తోటమాలులకు ఒక పట్టాన మింగుడుపడేది కాదు. సున్నం, పశువుల ఎరువు, మంచి తోటమట్టి ఈ మొక్కకు మేలు చేయకపోగా చంపుతాయి. దానికి కావలసింది ఆమ్లగుణమున్న పేద నేల, సగం మాగిన ఆకులు, వేళ్లలో కాపురముండే ఒక శిలీంధ్రం. మేఫ్లవర్‌దీ బ్లూబెర్రీ కుటుంబమే. మరుసటి ఏడాదే ఆయన ఆమ్లమట్టిలో మేఫ్లవర్ నారు గింజల నుంచి పెంచే పద్ధతి ప్రకటించారు.

దాంతో తవ్వే తీరు కూడా మారాల్సి వచ్చింది. బాగా ముదిరిన తీగ జోలికి పోకూడదు, చిన్న మొక్కనే ఎంచుకోవాలి. పైనున్న ఆకుమన్నుతో సహా పెద్ద గడ్డగా ఎత్తాలి. వేళ్లు దులపడం, కడగడం పనికిరాదు. వెంట్రుకల్లాంటి వేళ్ల కొసలు తెగితే వాటిని అంటిపెట్టుకున్న శిలీంధ్రమూ పోతుంది. నీడలో, లోతు లేకుండా నాటి, చుట్టూ పైన్ చెట్ల సూదులాకులు పరచాలి. మొదటి వేసవంతా తడి ఆరనివ్వకూడదు.

పరిరక్షణ ఉద్యమం అప్పటికే మొదలైంది. స్థానిక మొక్కల రక్షణకు బోస్టన్‌లో 1900లోనే ఒక సంఘం ఏర్పడింది. 1918లో మేఫ్లవర్ రాష్ట్ర పుష్పమైంది, ఏడేళ్లకు జరిమానా చట్టం వచ్చింది. 1931లో విల్ కర్టిస్ ఫ్రామింగ్‌హామ్‌లో 30 ఎకరాలు కొని అడవిపూల కోసం ‘గార్డెన్ ఇన్ ది వుడ్స్’ మొదలుపెట్టారు. 1965లో దాన్ని ఆ సంఘానికే అప్పగించారు. నేటివ్ ప్లాంట్ ట్రస్ట్ అన్న కొత్త పేరుతో ఇప్పటికీ అదే నడుపుతోంది.

ఇంత తెలిసినా, తవ్విన మేఫ్లవర్ కొత్త చోట నిలదొక్కుకుంటుందన్న హామీ లేదు. రోడ్డో ఇల్లో వచ్చి ఎలాగూ పోయే చోట తప్ప దాన్ని కదిలించకపోవడమే మేలు. అడవిపూల మొక్క ఏదైనా సరే, నర్సరీలో కొనేముందు ఒక్క మాట అడగండి: గింజ నుంచి పెంచిందా, అడవి నుంచి తవ్వి తెచ్చిందా? రెండోదైతే కొనకండి.