అన్నం మానేస్తే మహిమేనా?

ఆడపిల్ల నెలల తరబడి సరిగా తినకపోతే "అమ్మవారు పూనింది" అనే మాట మా భాలుబాసాలో నేనూ విన్నాను. ఈ భ్రమ మనకొక్కరికే లేదు. 1869లో వేల్స్‌లో సారా జేకబ్ అనే పన్నెండేళ్ల పిల్ల తిండి లేకుండా బతుకుతోందని జనం కానుకలతో వచ్చి చూశారు. నిజం తేల్చడానికి లండన్ గైస్ ఆసుపత్రి నర్సులను కాపలా పెడితే, ఎనిమిది రోజులకే పిల్ల చనిపోయింది. తల్లిదండ్రులు జైలుకెళ్లారు. 1873లో అదే ఆసుపత్రికి చెందిన విలియం గల్, తిండి మానేసే జబ్బుకు 'అనొరెక్సియా' అని పేరు పెట్టాడు. మహిమ కాస్తా రోగమైంది.

మరి వైద్యానికి డబ్బేది? నేను జీవితమంతా పద్దులు చూసినవాణ్ణి. రాంచీలో 1918లో తెల్లవాళ్లకు, 1925లో మనవాళ్లకు వేర్వేరుగా పిచ్చాసుపత్రులు కట్టారు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో గానీ రాలేదు. మానసిక రోగాలకూ ఒంటి రోగాలతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెప్పింది. టెలీ మానస్‌కు కేంద్ర బడ్జెట్‌లో 2023-24కి సుమారు 134 కోట్లు చూపించి, మరుసటి ఏడాదికి 90కి తగ్గించారు. తిండి జబ్బులకు విడిగా పద్దే లేదు.

పద్దు లేని రోగానికి ఓఝాయే డాక్టరు. అడగాల్సింది మనమే. ఈలోగా, మొక్కుకునే ముందు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం.