కడప రాళ్లు చెప్పే కణ చరిత్ర

కడప జిల్లా వేంపల్లె, తుమ్మలపల్లె పరిసరాల సున్నపురాతి బండల్లో సన్నని పొరలు వంపు తిరిగి, ఒకదానిపై ఒకటి పేరుకుని ఉంటాయి. అడ్డంగా కోసిన ఎర్రగడ్డలా కనిపించే ఈ ఆకృతులను స్ట్రొమటోలైట్లు అంటారు. భూమి మీద చెట్టూ చేపా పుట్టని కాలంలో కంటికి కనబడని జీవులు కట్టిన కట్టడాలివి. కణం అంటే ఏమిటో, అది ఎలా మారుతూ వచ్చిందో రాయలసీమ నేల మీదే తెలుసుకోవడానికి ఇవి ఆధారాలు.

కడప, కర్నూలు, నంద్యాల జిల్లాల్లో చాలా భాగం ఒకప్పుడు సముద్రపు నీరు నిలిచిన పల్లపు ప్రాంతం. భూగర్భ శాస్త్రంలో దీని పేరు కడప బేసిన్. వైశాల్యం సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో ఇక్కడి శిలల గురించి సమగ్ర గ్రంథం వెలువరించాడు. గువ్వలచెరువు, వేంపల్లె, తాడిపత్రి, బనగానపల్లె, పాణ్యం, నంద్యాల వంటి ఊర్ల పేర్లే ఇక్కడి రాతి పొరలకూ పేర్లయ్యాయి. పులివెందుల దగ్గర తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన ఒక అగ్నిశిల వయస్సు సుమారు 188.5 కోట్ల ఏళ్లని తేలింది. వేంపల్లె పొరలు తాడిపత్రి పొరలకు దిగువన ఉన్నాయి కనుక వాటి వయస్సు అంతకన్నా ఎక్కువే.

ఈ రాళ్లతో పోలిస్తే కణం గురించిన జ్ఞానం నిన్నమొన్నటిది. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, అందులోని చిన్న గదులకు కణాలని పేరు పెట్టాడు. 1831లో రాబర్ట్ బ్రౌన్ మొక్కల కణాల్లో కేంద్రకాన్ని గుర్తించాడు. మొక్కలన్నీ కణాలతోనే నిర్మితమని 1838లో ష్లైడన్, జంతువులూ అంతేనని 1839లో ష్వాన్ ప్రకటించారు. ఉన్న కణం నుంచే కొత్త కణం పుడుతుందన్న సూత్రాన్ని 1855లో విర్షో స్థిరపరిచాడు. ఈ సూత్రం ప్రకారం నేటి ప్రతి కణానికీ తెగని వంశక్రమం ఉంది. వేంపల్లె రాళ్లకు ఉన్న విలువ అక్కడే తెలుస్తుంది.

ఆ రాళ్లను కట్టిన జీవుల్లో ప్రధానమైనవి సయనోబాక్టీరియా, అంటే నీలి ఆకుపచ్చ బాక్టీరియా. ఇవి కేంద్రకపూర్వ జీవులు. వీటి కణంలో పొరతో కప్పిన కేంద్రకం ఉండదు. జన్యు సమాచారాన్ని మోసే డీఎన్ఏ నేరుగా కణద్రవ్యంలోనే ఉంటుంది. ప్రొటీన్లను తయారుచేసే రైబోజోములు, లోపలికీ బయటికీ పదార్థాల రాకపోకలను నియంత్రించే కణత్వచం, దానికి రక్షణగా కణకవచం ఉంటాయి. ఆకుపచ్చని పత్రహరితం సన్నని లోపలి పొరల్లో ఉండి సూర్యకాంతిని గ్రహిస్తుంది. ఇలాంటి కణాలు చాలావరకు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండవు.

అంత చిన్న కణాలు బండలను ఎలా కట్టాయి? లోతు తక్కువ నీటిలో కోట్ల కణాలు జిగురు స్రవిస్తూ చాపలా పరుచుకునేవి. కొట్టుకొచ్చిన సన్నని మట్టి ఆ జిగురుకు అంటుకునేది. కిరణజన్య సంయోగక్రియలో అవి నీటిలోని కార్బన్ డయాక్సైడును వాడుకోగా, కరిగి ఉన్న సున్నం అక్కడే పేరుకునేది. పై పొర కమ్మేసినప్పుడు కణాలు వెలుతురు కోసం మళ్లీ పైకి చేరి కొత్త పొర వేసేవి. కణాలు చాలావరకు నశించాయి, పొరలు మిగిలాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో ఇలాంటి నిర్మాణాలు నేటికీ పెరుగుతున్నాయి.

సయనోబాక్టీరియా కిరణజన్య సంయోగక్రియలో వెలువడిన ఆక్సిజన్ మొదట సముద్రాల్లోని ఇనుముతో కలిసిపోయింది. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలో చేరడం మొదలైంది. ఆ మార్పు తర్వాతే నిజకేంద్రక కణాలు, అంటే పొరతో కప్పిన కేంద్రకం ఉన్న కణాలు, విస్తరించాయి. విస్తృతంగా అంగీకారం పొందిన వాటి తొలి శిలాజాలు సుమారు 165 కోట్ల ఏళ్ల నాటివి. ఒక కణం మరో కణాన్ని తనలో ఇముడ్చుకోవడం వల్ల నిజకేంద్రక కణాల భాగాలు కొన్ని ఏర్పడ్డాయని 1967లో లిన్ మార్గులిస్ ప్రతిపాదించింది. ఆహారం నుంచి శక్తిని విడుదల చేసే మైటోకాండ్రియా ఒకప్పటి స్వతంత్ర బాక్టీరియా. మొక్కల్లోని హరితరేణువు ఒకప్పటి సయనోబాక్టీరియా. రెండింటికీ సొంత డీఎన్ఏ, సొంత రైబోజోములు ఉండడం ఇందుకు బలమైన సాక్ష్యం. వేంపల్లె చేలల్లోని వేరుశనగ ఆకుకు పచ్చదనమిచ్చే హరితరేణువులు, అక్కడి బండలను కట్టిన జీవులు ఒకే వంశానివి.

ఈ పొరలు పరిశ్రమలకూ తెలుసు. తుమ్మలపల్లె యురేనియం వేంపల్లె డోలమైట్ శిలల్లోనే దొరుకుతుంది, పులివెందుల రాతినార కూడా ఆ శిలలను అగ్నిశిల తాకిన చోట ఏర్పడినదే. మంగంపేట ముగ్గురాయి నిక్షేపాలకు, రాజస్థాన్‌లోని ఝామర్‌కోట్ర, భోజుండా స్ట్రొమటోలైట్లకు జాతీయ భూగర్భ స్మారకాలుగా గుర్తింపు ఉంది. వేంపల్లె స్ట్రొమటోలైట్లకూ ఆ రక్షణ కావాలి. కణం పాఠం చెప్పే ఉపాధ్యాయులు పిల్లలను ఒక్కసారైనా ఆ గుట్టల దగ్గరికి తీసుకెళ్లి చూపించాలి.