నాలుగు ఫిరంగులు ఎక్కిన దావ

1652వ సంవత్సరం, వానాకాలం. గండికోట కొండ కింద మైదానమంతా గుడారాలు, గుర్రాల శాలలు. మూడు నెలలుగా అక్కడే తిష్ట వేసుకుని కూర్చున్నాడు మీర్ జుమ్లా. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకు ఆయన ప్రధానమంత్రి, సేనాపతి. పారసీక దేశం నుంచి వట్టి చేతులతో వచ్చి, వజ్రాల వ్యాపారంలో కోట్లకు పడగెత్తి, ఆ డబ్బుతోనే సొంత సైన్యాన్ని నిలబెట్టుకున్న మనిషి. తూర్పున ఉదయగిరి అప్పటికే ఆయనకు చిక్కింది. గండికోట మాత్రం చిక్కలేదు.

కొండ పైన పెమ్మసాని చిన తిమ్మానాయుడు ఉన్నాడు. ఆయన దగ్గరున్నవి రెండే రెండు ఇనుప ఫిరంగులు. సుమారు ఐదున్నర కిలోల గుండు పేల్చేది కోట వాకిలి మీద, అంతకంటే చిన్నది ఒక బురుజు కొన మీద. కింద ఉన్న ఆయుధ బలంతో పోలిస్తే అవి లెక్కలోకి రావు. అయినా రోజులు గడిచేకొద్దీ నష్టపోతున్నది కిందివాళ్లే. కోటలోంచి మెరుపులా బయటికొచ్చి నరికేసి, మళ్లీ లోపలికి వెళ్లిపోతున్నారు నాయుడి మనుషులు.

ఆ ధైర్యానికి అండ పెన్నానది. నంది కొండల్లో పుట్టి, హిందూపురం వైపు అనంతపురం సీమలో అడుగుపెట్టి, ఆ కరువు నేలంతా తిరిగి తాడిపత్రి మీదుగా వస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు దాంట్లో కనిపించేది ఇసుకే. అలాంటి నది ఎర్రమల కొండల దగ్గరికి వచ్చేసరికి గట్టి ఎర్రబండను లక్షల ఏళ్ల పాటు కోసి కోసి, రెండు నిలువు గోడల మధ్య పారుతుంది. ఆ గండి అంచునే కోట. నది ఉన్న వైపు గోడ కట్టకపోయినా ఎక్కే మొనగాడు లేడు. కాపలా కాయవలసింది మైదానం వైపున్న నాలుగైదు వందల అంగల మేర మాత్రమే. అక్కడ కందకాలు, చెక్కిన రాతితో మూడు వరసల గోడలు.

ముట్టడించి ఆకలితో లొంగదీద్దామన్నా కుదరలేదు. కొండ మీద చిన్న చిన్న ఊటలున్నాయి. వాటి నీళ్లతో వరి, చిరుధాన్యాలు పండించారు. ఈ సీమలో కోట బలం గోడ మందంలో కంటే నీటి లోతులో ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. ఇక్కడికి పడమరన ఉన్న గుత్తి కోటనే చూడండి. గోడలు చెక్కు చెదరలేదు. 1776లో మురారిరావు ఘోర్పడే హైదర్ అలీకి లొంగిపోయింది పైన నీళ్లు అయిపోయినందుకు. గండికోటకు ఆ దిగులు లేదు. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి కట్టించినదీ ఈ పెమ్మసాని వంశమే. ఊట విలువ వాళ్లకు ఒకరు చెప్పాలా!

ఇక మిగిలింది దావ. పైకి ఉన్న దారి ఒక్కటే. కొండను తొలిచి చేసింది. చాలా చోట్ల ఇరవై, ఇరవై ఐదు అడుగుల వెడల్పు. కొన్ని చోట్ల ఏడెనిమిది అడుగులే. ఎక్కుతుంటే కుడి పక్కన నిలువు లోయ, దాని అడుగున నది. మనుషులు ఎక్కగలరు, గుర్రాన్ని నడిపించుకు పోగలరు. గోడలు పగలగొట్టే పెద్ద ఫిరంగి ఎక్కాలంటే మాత్రం వేరే సంగతి.

మీర్ జుమ్లా వ్యాపారి. ఎక్కడ ఖర్చు పెడితే పని జరుగుతుందో తెలిసినవాడు. సుల్తాను కొలువులో ఫిరంగులు పేల్చే పరంగులందరినీ పిలిపించాడు. వాళ్లలో ఇంగ్లీషువాళ్లు, డచ్చివాళ్లు, ఇద్దరు ముగ్గురు ఇటలీవాళ్లు ఉన్నారు. డచ్చి కంపెనీలో బాధలు పడలేక పారిపోయి వచ్చిన ఫ్రెంచివాళ్లూ ఉన్నారు. తోపులు పైకి చేర్చే ఉపాయం చెప్పి చేసి చూపిస్తే ఒక్కొక్కరికి నాలుగు నెలల జీతం అదనమన్నాడు.

చేసి చూపించారు. నాలుగు తోపులు పైకి ఎక్కాయి.

ఈ కథంతా మనకు చెప్పిన ఫ్రెంచి నగల వర్తకుడు జాన్ బాప్తిస్త్ తవెర్నియే ఆ ఘట్టాన్ని ఒక్క మాటలో దాటేశాడు. నాకు మనసు ఆగేది అక్కడే. ఏడడుగుల దావలో, పక్కన లోయ పెట్టుకుని, టన్నుల బరువున్న లోహాన్ని లాగాలంటే ఎన్ని మోకులు తెగి ఉండాలి? వానకు తడిసిన బండ మీద చక్రం వెనక్కి జారకుండా రాళ్లు అడ్డం పెడుతూ పోయే చేతులు ఉండి తీరాలి. మలుపు దగ్గర జోడెడ్లు తిరగవు. అక్కడ భుజాలే పట్టాలి. ఉపాయం పరంగులది కావచ్చు, మోకు పట్టినవాళ్లు ఈ నేల మనుషులే అయ్యుంటారు. పరంగులకు నాలుగు నెలల జీతం రాసిన పుస్తకంలో, మోకులు లాగినవాళ్లకు ముట్టిందేమిటో ఒక్క ముక్క లేదు.

పైకి చేరిన తోపుల గురి మొదట వాకిలి మీది ఫిరంగి మీదే. అది మూగబోయింది. తర్వాత వాకిలి మీదికి తిప్పారు. తలుపు సగం కూలేసరికి లోపలివాళ్లు రాజీకి వచ్చారు. గౌరవమైన షరతులతో కోట ఖాళీ చేసి దిగిపోయారని తవెర్నియే రాశాడు. చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకునే కథ వేరు: తిమ్మానాయుడిది విషప్రయోగం వల్ల వచ్చిన చావు అంటారు. తవెర్నియే నాయుడి శత్రువు దగ్గరికి వ్యాపారానికి వచ్చినవాడు, అయినా ఈ రాజు మహా శూరుడని పేరున్నవాడని రాయకుండా ఉండలేకపోయాడు.

కోట పడిన ఎనిమిది రోజులకు, సెప్టెంబరు మొదట్లో తవెర్నియే వచ్చాడు. అప్పటికే మీర్ జుమ్లా దారి బాగుచేయించడం మొదలుపెట్టాడు. తాను ఎక్కిన దావ ఎంత గడ్డుదో ఆయనకు తెలియదా! పైన ఆయన్ని చూసిన తీరు తవెర్నియే కళ్లకు కట్టినట్టు రాశాడు. నవాబు మీర్ జుమ్లా చెప్పులు లేకుండా కింద కూర్చున్నాడు. కాలి వేళ్ల సందుల్లో, ఎడమ చేతి వేళ్ల సందుల్లో ఉత్తరాలు. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కో కాగితం తీసి చూస్తూ, ఇద్దరు రాయసగాళ్లకు జవాబులు చెబుతున్నాడు. మధ్యలో నేరస్థులను తెస్తే అక్కడికక్కడే శిక్ష.

కోటలో క్లాద్ మాయే అనే ఫ్రెంచివాడున్నాడు. బతావియాలో డచ్చి గవర్నరు దగ్గర తోటమాలిగా ఉన్నప్పటి నుంచి తవెర్నియేకు తెలుసు. ఇక్కడ అతనికి అప్పగించింది ఫిరంగుల పోత. ఇరవై తోపులు కావాలి, లోహం చుట్టుపక్కల గుళ్లలోంచి తెచ్చిన విగ్రహాలది. గండికోట గుడిలోని ఆరు రాగి విగ్రహాలు తప్ప మిగతావన్నీ కరిగాయి. ఆ ఆరు మాత్రం ఎంత కాల్చినా కరగలేదు. మంత్రం వేశారని అర్చకులను నవాబు బెదిరించాడు. మంత్రమో మాయే చేతకానితనమో గానీ, ఒక్క ఫిరంగీ సరిగ్గా తయారవలేదు. ఒకటి పగిలింది, ఒకటి సగంలో ఆగింది. చివరికి మాయే అన్నీ వదిలేసి కొలువు మానుకున్నాడు. ఎన్ని ఊళ్ల దేవుళ్లు ఆ కొలిమిలో పోయారో తలచుకుంటే ఈరోజుకీ కడుపు రగులుతుంది.

ఇప్పుడు జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు తారు రోడ్డు. బస్సు, కారు వాకిలి దాకా వస్తాయి. కోట లోపల ఊరు ఇంకా ఉంది. ఇళ్లు, మేకలు, పిల్లలు. చాలామంది కారు దిగి జుమ్మా మసీదు, ధాన్యాగారం, రంగనాథుడి గుడి చకచకా చూసి, గండి అంచున ఫోటో దిగి వెళ్లిపోతారు. కాస్త నడవగలిగినవాళ్లు అంతటితో ఆగొద్దు. వాకిలి దగ్గర దిగిపోయి, వంకర తిరిగే ఆ దారిలో కాలినడకన లోపలికి పోండి. ఎదురు గోడ అడ్డొచ్చి మలుపు తిరగాల్సి వచ్చినప్పుడు, వెనక తోపు ఉందనుకుని ఆ మలుపును కొలవండి.

గండి అంచున బండలు పేర్చినట్టు ఉంటాయి. వాటి సందుల్లోంచి నది వైపు కాలిబాటలున్నాయి, గొర్రెల కాపరులకు తెలిసినవి. అడిగితే విసుక్కోకుండా చెబుతారు: "అట్ల గాదన్నా, ఈ పక్కకు రా. ఆ బండ జారుతాది." ఆ మాట వినాలి. అక్కడ కంచె లేదు, వాన పడితే ఎర్రబండ నున్నగా అవుతుంది. తెల్లవారుజామునే బయల్దేరి ఎండ ముదరకముందే పైకి వచ్చేయండి, నీళ్లు ఎక్కువగా పట్టుకుపోండి. సెప్టెంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం.